శ్రీ మాదరి భాగ్యరెడ్డి వర్మగారి జీవితము

మన పాఠశాల విద్యార్థులలో ఇంద్రకీలాద్రిని ఎఱుఁగనివారుండరు. కృష్ణవేణి యొడ్డున నిలిచిన ఆ కొండను, దానిమీఁది కనకదుర్గాలయమును మనము నిత్యము చూచుచునే యున్నాము. ఐనను 1917వ సంవత్సరము నవంబరు నెలలో ఆ యాలయపు తలుపులు మూఁడు దినములు మూయఁబడియుండెనని ఎఱిఁగినవారు కొలఁదిమందియే యుందురు. అట్లు మూయుటకు కారణము మహమ్మారి కాదు, వఱద కాదు, యుద్ధము కాదు. ఆ దినములలో బెజవాడలో ఒక సభ జరిగెను. ఆంధ్రదేశపు మాలపల్లెలనుండియు మాదిగపల్లెలనుండియు జనులు ఆ సభకు వచ్చిరి. వారు కొండయెక్కి గుడిలో ప్రవేశింతురేమో యను భయముచేత తలుపులకు తాళములు వేసిరి. వచ్చినవారు గుడిజోలికి పోలేదు. వారు వేఱొక తలుపు తెఱచుటకు వచ్చిరి. ఆ తలుపు తమ పేరు.

ఆ సభకు అధ్యక్షత వహించిన మహాశయుఁడే మాదరి భాగ్యరెడ్డి వర్మగారు. అప్పటి కాయన వయస్సు ఇరువదితొమ్మిది సంవత్సరములు. ఆయన జీవితమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. నేఁడు వార్తాపత్రిక చదువనివాఁడు, చేతిలోని యంత్రమున వార్త చూడనివాఁడు లేఁడు. ఒక వార్తలో ఒక జాతిని, ఒక కులమును, ఒక పల్లెను ఏ మాటతో పేర్కొనుచున్నారో, ఆ మాట నెవరు నిర్ణయించిరో మన మాలోచింపము. ఆలోచింపవలెనని నూఱేండ్లకు పూర్వమే తెలుగువారికి నేర్పినవాఁడు ఈయన.

భాగ్యరెడ్డి వర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన హైదరాబాదు నగరమునందు జన్మించిరి. తండ్రి వెంకయ్యగారు, తల్లి రంగమాంబగారు. వారిది మాల కులము. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబమునకు గురువైన యొక పెద్ద, బాలునకు భాగ్యరెడ్డి యని మాఱుపేరు పెట్టెను. రెడ్డి యను మాట రేఁడు అను మాటనుండి వచ్చినదనియు, ఈ దేశమును పూర్వమేలినవారు ఈ నేలకు మొదటి బిడ్డలైన వీరేయనియు ఆ గురువుగారి నమ్మకము. ఆ వ్యుత్పత్తి సరియా కాదా యని మేమిప్పుడు వాదింపఁబోము. ఊరివారు తక్కువచేసి పిలుచు నొక యింటి పిల్లవానికి, తాను తక్కువవాఁడను కానను తలంపు ఒక పేరుతోపాటు చిన్ననాఁడే కలిగెను. మాకు ముఖ్యమైనది ఇదియే.

బాల్యమున ఆయన ఇల్లు విడిచి వెళ్లి సికింద్రాబాదులో డాస్ సాంటాస్ అను బారిష్టరు గారింట పనికి కుదిరెను. ఆ బారిష్టరు గోవాదేశపు రోమను కతోలిక క్రైస్తవుఁడు. ఆయన ఆ పిల్లవానిని పనివానిగా మాత్రమే చూడక, చదువుకొనుటకు అవకాశము కల్పించెను. పుస్తకములు, పత్రికలు, న్యాయవాదుల సంభాషణలు మొదలగువాని నడుమ ఆ బాలుని బుద్ధి వికసించెను. ఇంటిపనికి వచ్చిన పిల్లవానిని చదివించిన యజమానులు ఆ కాలమున అరుదు. ఈ కాలమునను అరుదే. ఒక గృహస్థుని చిన్న దయ ఎంత దూరము పోవునో చూడుఁడు. ఐతే వర్మగారు క్రైస్తవుఁడు కాలేదు. ఆ సంగతిని మేము దాఁచము. మంచి చేసినవారు ప్రతిఫలముగా పేరో మతమో అడుగకుండుటే ఆ మంచితనమునకు గుఱుతు.

1906వ సంవత్సరమున, తన పదునెనిమిదవ యేఁట, ఆయన జగన్మిత్ర మండలి యను సంఘమును స్థాపించెను. చదువురాని జనులకు ఉపన్యాసము కంటె కథ రుచించునని ఎఱిఁగి, హరికథల ద్వారా వారిని సమకూర్చెను. గజ్జెకట్టి కథ చెప్పుచు, నడుమ నడుమ త్రాగుడువలని కీడును, బాల్యవివాహములవలని దుఃఖమును, పిల్లలను బడికి పంపవలసిన యావశ్యకతను బోధించుచుండిరి. 1910వ సంవత్సరమున ఇసామియా బజారులోను లింగంపల్లిలోను బడులు తెఱచెను. 1911వ సంవత్సరమున ఆ మండలియే మన్యసంఘమను పేరు దాల్చెను. కాలక్రమమున ఆ బడుల సంఖ్య ఇరువదియైదును మించెను. వేలకొలఁది పిల్లలు అక్షరములు నేర్చిరి. ఆడపిల్లలను దేవతల పేర విడిచిపెట్టు దురాచారమును, జాతరలలోని జంతుబలిని మాన్పుటకై ఆయన ఊరూర తిరిగెను. ఆర్యసమాజమువారు ఆయన సేవను మెచ్చి 1913వ సంవత్సరమున వర్మ యను బిరుదమిచ్చిరి. బుద్ధభగవానునియం దాయనకు భక్తి మెండు. బుద్ధజయంతిని ఉత్సవముగా జరుపుచుండిరి.

ఇఁక మన కృష్ణామండలము సంగతి చెప్పవలెను. 1855వ సంవత్సరమున బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ డెల్టా రూపు మాఱెను. కాలువలు పాఱెను, మెట్టలు మాగాణులయ్యెను, ధాన్యము పడవలమీఁద బందరు చేరెను. ఐతే ఆ కాలువలలో మట్టి త్రవ్వి మోసినవారు, ఆ మాగాణిలో నాట్లు వేసినవారు, కోఁతలు కోసినవారు ఊరివెలుపల పల్లెలలో నుండిరి. కాలువ నిండ నీరున్నను ఊరిబావి వారికి లేదు. మిషనువారు వచ్చిన పిమ్మట ఆ పల్లెలలో కొన్ని బడులు వెలసెను. 1859వ సంవత్సరమున రాఘవాపురపు పగోలు వెంకయ్యగారు జ్ఞానస్నానము పొందినది మొదలు కృష్ణామండలపు మాలలును, తరువాత మాదిగలును క్రైస్తవసంఘమున చేరసాగిరి. మన పాఠశాలయందు చదువు పిల్లలలో అనేకుల పూర్వులు ఆ విధముగా అక్షరము ముఖము చూచినవారే.

ఆ కాలమున ఈ జనులను గూర్చి వ్రాయువారు ఎవరు? ఏ మాటలతో వ్రాసిరి? సర్కారు కాగితములలో వారికి పంచములని పేరు. కొన్నిచోట్ల పరయాలనిరి. పరయా యనునది అరవదేశమున డప్పు వాయించు నొక కులమువారి పేరు. ఆ పేరును ఆంగ్లేయులు తమ భాషలోనికి తీసికొని, లోకములో ఎవఁడు వెలివేయఁబడినను వానిని ఆ మాటతో పిలువసాగిరి. ఒక కులమువారి యింటిపేరు లోకమునకంతకు తిట్టుమాట యగుటకన్న అన్యాయ మేమి కలదు? ఆ మాటను నేఁటికిని కొందఱు పెద్ద పెద్ద పత్రికలలో ఆలోచన లేక వాడుచునే యున్నారు.

తెలుగు పత్రికలకు అది నూతనోదయకాలము. బందరునందు కృష్ణాపత్రిక 1902వ సంవత్సరమున ప్రారంభమయ్యెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908వ సంవత్సరమున బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914వ సంవత్సరమున చెన్నపురినుండి దినపత్రికగా నడపిరి. ఆ పత్రికలు దేశభక్తిని, భాషాభిమానమును పెంచినవి. వానికి మనము ఋణపడియున్నాము. ఐనను ఒక సత్యమును గమనింపవలెను. ఆ కాలపు పత్రికలను నడపినవారు, వానికి వ్రాసినవారు, కొని చదివినవారు ఇంచుమించుగా అందఱును పై కులములవారు. పల్లెవాఁడు పత్రికలో కనఁబడినను ఉద్ధరింపఁబడవలసినవాఁడుగా కనఁబడెనేగాని, మాటలాడువాఁడుగా కనఁబడుట అరుదు. వానిని గూర్చి జాలిపడిరి. వానిని అడిగినవారు తక్కువ.

ఈ దోషము హిందూ సోదరుల పత్రికలకే చెందినదని మేము చెప్పిన అది అబద్ధమగును. మన మిషనులవారు స్వదేశములకు పంపిన వర్తమానపత్రములలోను ఇట్టి చిత్రములే మెండు. చిరిగిన బట్టలు, చీఁకటి గుడిసెలు, అజ్ఞానము, పిమ్మట వెలుఁగు. చందా లిచ్చువారి హృదయములు కరుగుటకై అట్లు వ్రాసియుందురు; ఉద్దేశము మంచిదే. ఐనను ఆ పల్లెలోని మనుష్యుఁడు డప్పు వాయింపనేర్చిననియు, తోలుపనిలో, నేఁతలో, సేద్యములో నిపుణుఁడనియు, పాటకట్టఁగలఁడనియు, తన తగవులు తాను తీర్చుకొన్నాఁడనియు వానిలో తగినంత కానరాదు. జాలి గల వ్రాఁతయందును ఒక మనిషిని పొట్టివానిగా చేయఁగల శక్తి యున్నదని మనము నేర్చుకొనవలెను.

ఇట్టి స్థితిలో 1917వ సంవత్సరము నవంబరు 4, 5, 6 తేదీలలో బెజవాడ సభ జరిగెను. గుడివాడలో సేవాశ్రమము నడపుచుండిన గూడూరు రామచంద్రరావుగారు దానిని ఏర్పాటు చేసినవారిలో ముఖ్యులు. ఆయన బ్రాహ్మణ కులజులు. ఆహ్వానసంఘమునకు సుండ్రు వెంకయ్యగారు అధ్యక్షులు. సభకు పెట్టిన పేరు ఆంధ్రదేశ ప్రథమ ప్రాంతీయ పంచమ మహాజన సభ. హైదరాబాదునుండి వచ్చిన యువకుఁడైన అధ్యక్షుఁడు పీఠమునెక్కి మొట్టమొదట ఆ పేరునే ప్రశ్నించెను. వర్ణములు నాలుగని చెప్పిన గ్రంథములలో అయిదవ వర్ణము లేదు గదా, ఈ పంచమ శబ్ద మెక్కడినుండి వచ్చెనని ఆయన వాదము. ఈ నేలమీఁద మొదటినుండి నివసించు తెలుగువారము గనుక మేము ఆది ఆంధ్రులమని చెప్పెను. సభికులు దాని నంగీకరించిరి. సభ ఆరంభమైనపుడు పంచమ సభ. ముగియునపుడు ఆది ఆంధ్ర మహాజన సభ.

విద్యార్థులారా, ఈ సంగతిని తేలికగా దాఁటిపోకుఁడు. ఆదికాండమున మొదటి మనుష్యుఁడు జంతువులకు పేళ్లు పెట్టినట్లు మనము చదువుచున్నాము. జంతువు తనకు తాను పేరు పెట్టుకొనలేదు గనుక మనుష్యుఁడు పెట్టెను. మనుష్యుఁడు సాటి మనుష్యుల సమూహమునకు, వారి నడుగకయే, వారికి నచ్చని పేరు పెట్టినయెడల, ఆ సమూహమును దేనితో సమానముగా చూచుచున్నట్లు? బెజవాడలో ఆ దినమున జరిగినది ఒక మాటకు బదులు మఱియొక మాటను వ్రాయుట మాత్రమే కాదు. మమ్ములను గూర్చి చెప్పుటకు మేమున్నామని ఒక జనసమూహము నోరువిప్పి చెప్పిన దినమది. తమ పల్లెలలో బడులు కావలెననియు, త్రాగునీటి బావులు కావలెననియు, శాసనసభలలోను స్థానిక సభలలోను తమకు ప్రాతినిధ్యము కావలెననియు వారు కోరిరి. గుడి తలుపులను గూర్చి కాదు. ఐనను ఊరిలో భయపడినవారు తలంచినది గుడి తలుపులనే. ఎదుటివాఁడేమి కోరుచున్నాఁడో అడుగక, వాఁడేమి చేయునోయని ఊహించుకొని బెదరుట అన్ని దేశములలోను కలదు. ఆ బెదరును పత్రిక పెంచనూ వచ్చును, తగ్గింపనూ వచ్చును.

ఆ తరువాత ఏఁటేఁట కృష్ణా గోదావరీ మండలములందు ఆది ఆంధ్ర సభలు జరుగుచు వచ్చెను. 1922వ సంవత్సరము జనవరిలో చెన్నపురి శాసనసభయందు ఎం. సి. రాజాగారు ఒక తీర్మానము తెచ్చిరి. పంచమ, పరయా శబ్దములను సర్కారు కాగితములనుండి తీసివేసి, అరవదేశమున ఆది ద్రావిడులనియు, తెలుగుదేశమున ఆది ఆంధ్రులనియు వ్రాయవలెనని దాని భావము. ప్రభుత్వము అదే సంవత్సరమున దాని నంగీకరించెను. బెజవాడ సభలో పలికిన మాట అయిదేండ్లు నిండకముందే సర్కారు మాట యయ్యెను. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలలో వేలకొలఁది తెలుగువారు తమ్ము ఆది ఆంధ్రులని వ్రాయించుకొనిరి.

హైదరాబాదు సంస్థానమునందు ఇదే పని ఆది హిందువులను పేర సాగెను. మన్యసంఘము 1921, 22 సంవత్సరముల ప్రాంతమున ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగు అయ్యెను. చాదర్‌ఘాటులో ఆది హిందూ భవనము వెలసెను. నిజాము ప్రభుత్వమువారు 1931వ సంవత్సరపు లెక్కలలో ఆ పేరును స్వీకరించిరి. 1930వ సంవత్సరమున లక్నోలో జరిగిన అఖిలభారత ఆది హిందూ సభకు వర్మగారు అధ్యక్షులై, లండనులో జరుగఁబోవు రౌండు టేబిలు సమావేశమునందు అస్పృశ్యుల తరఫున మాటలాడుటకు డాక్టరు అంబేద్కరుగారు తగినవారని సమర్థించిరి.

మహనీయుల జీవితము వ్రాయునపుడు వారి లోపములను మఱుఁగుపఱచుట తగదు. ఆయన నాయకత్వముపై ఆయన కాలముననే విమర్శలు వచ్చెను. ఆది హిందూ సంఘములలో మాలలదే పైచేయి యనియు, మాదిగలకు తగిన స్థానము లేదనియు కొందఱు వేఱుపడిరి. మాదిగ సోదరులు తమకు అరుంధతీయులను పేరును కోరుకొనిరి. పేరు తామే పెట్టుకొనవలెనను న్యాయమును లోకమునకు చెప్పినవారు ఆ న్యాయమును తమలోని చిన్నవారియెడలను పాటింపవలసియుండెను. తనకు అన్యాయము జరిగినపుడు గుర్తించుట సులభము. తనచేత జరిగినపుడు గుర్తించుట దుర్లభము. ఇది ఆయన ఒక్కనికే చెందిన పాఠము కాదు.

పేరును సంపాదించిరి, బడులను పెట్టిరి. ఇంకొక పని మిగిలెను. వర్మగారు జీవితములో వేలకొలఁది ఉపన్యాసము లిచ్చిన వక్త. ఐనను ఉపన్యాసము గాలిలో కలిసిపోవును. మఱునాఁడు పత్రికలో ఏమి పడెనో అదే మిగులును. అందుచేత ఆయన 1931వ సంవత్సరమున భాగ్యనగర్ అను పత్రికను స్థాపించి తానే సంపాదకుఁడయ్యెను. ఆ సంస్థానమున రాజభాష ఉర్దూ. తెలుగు చదువఁగలవారు కొద్దిమంది. ఆయన ఎవరికొఱకు వ్రాసెనో వారిలో చదువరులు మఱింత కొద్దిమంది. ధనికుల యండ లేదు. ఇట్టి స్థితిలో పత్రిక నడపుట ఎండిన చెఱువులో వల వేయుటవంటిదని ఎవరైనను అందురు. ఆయన వెనుదీయలేదు. వెట్టిమాదిగ యను కథను ఆయన తన పత్రికలోనే ప్రకటించెను. వెట్టి చేయు మాదిగవానిని కథకు నాయకునిగా చేసి, వాని బాధను వాని వైపునుండి చెప్పిన తొలి తెలుగు కథలలో నది యొకటి. తరువాత 1937వ సంవత్సరము ప్రాంతమున ఆ పత్రిక ఆది హిందూ యను పేరు పొందెను.

ఇట్టి ప్రయత్నము ఆయన ఒక్కనిదే కాదు. రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్నగారు, తెల్లదొరతనము వద్దను కాలమున నల్లదొరతనము కూడ వద్దని పాట కట్టి, జయభేరి యను పత్రికను నడపిరి. మహారాష్ట్రమున అంబేద్కరుగారు 1920వ సంవత్సరము జనవరి 31వ తేదీన మూక్‌నాయక్ అను పత్రికను ప్రారంభించిరి; మూఁగవారి నాయకుఁడని ఆ పేరున కర్థము. డబ్బిచ్చెదమన్నను దాని ప్రకటనను పుణ్యపురిలోని ప్రసిద్ధ పత్రికయైన కేసరి ప్రచురింపలేదు. అమెరికాలోని నీగ్రోజాతివారని నాఁడు పిలువఁబడిన నల్లజాతీయులు అంతకు తొంబదియేండ్లకు పైగా ముందే, 1827వ సంవత్సరము మార్చి 16వ తేదీన, న్యూయార్కు నగరమున ఫ్రీడమ్స్ జర్నల్ అను పత్రికను తెచ్చిరి. శామ్యూల్ కార్నిష్, జాన్ రస్సువర్మ్ అనువారు దాని సంపాదకులు. ఇతరులు తమ తరఫున చాలకాలము మాటలాడిరి, ఇఁక తామే మాటలాడెదమని వారి సంకల్పము.

ఆ దేశముననే ఐడా వెల్స్ అను నల్లజాతి స్త్రీ యొకరు మెంఫిస్ నగరమున ఉపాధ్యాయినిగా నుండి పత్రికాసంపాదకురాలయ్యెను. 1892వ సంవత్సరమున తన మిత్రులైన ముగ్గురు నల్లజాతి వర్తకులను మూఁక చంపివేయఁగా, ఆమె అట్టి హత్యలకు తెల్లవారి పత్రికలు చెప్పు కారణములు నిజములేనా యని స్వయముగా విచారింపఁబూనెను. అనేక సందర్భములలో అవి అబద్ధములని తేల్చి ప్రకటించెను. మూఁక ఆమె అచ్చుకూటమును ధ్వంసము చేసెను. ఆమె కలము ఆఁగలేదు. చచ్చినవాఁడు నేరస్థుఁడని పత్రిక వ్రాసినపుడు, చంపినవాని చేతికి అంటిన రక్తము సగము కడుగఁబడినట్లే. ఆ దేశపు ప్రభుత్వము నియమించిన కెర్నర్ సంఘముకూడ 1968వ సంవత్సరమున, పత్రికలు నల్లవారి జీవితమును తెల్లవాని కన్నులతోనే చూచి వ్రాయుచున్నవనియు, నల్లజాతి విలేఖరులు మిక్కిలి తక్కువయనియు తప్పుపట్టెను. వర్మగారి పత్రిక పుట్టిన కారణమునకును ఆ నివేదికకును నడుమ సముద్రములున్నవి, భావ మొక్కటే.

1933వ సంవత్సరమున మహాత్మాగాంధిగారు హరిజన్ అను పత్రికను స్థాపించి, ఆ పేరుననే అస్పృశ్యులను పిలిచిరి. ఆ సంవత్సరము డిసెంబరులో ఆయన మన బెజవాడకును వచ్చిరి. ఆయన ప్రేమను శంకించువారము మేము కాము. ఐనను, ప్రేమతో పెట్టిన పేరైనను అడిగి పెట్టిన పేరు కాదని అనేకులు నొచ్చుకొనిరి. 1982వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము కులధ్రువపత్రములలో ఆ మాటను వాడవలదని రాష్ట్రములకు తెలిపెను. తరువాతి తరములవారు దళితులను పేరును తామే యేరుకొనిరి. 2018వ సంవత్సరము ఆగష్టులో కేంద్ర సమాచార మంత్రిత్వశాఖ ఆ మాటకు బదులు షెడ్యూల్డు కులములని వాడుఁడని ప్రసారసంస్థలకు సూచింపఁగా, మరల వాదము రేఁగెను. 1917లో వర్మగారు పీఠముమీఁద నిలిచి యడిగిన ప్రశ్న నేఁటికిని ముగియలేదు. ఎవరి పేరును ఎవరు నిర్ణయింపవలెను?

వర్మగారు 1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన, ఏఁబదియొక్క సంవత్సరములు నిండకముందే, పరలోకగతులైరి. వారు జీవించియుండఁగా బెజవాడ కొండగుడి తలుపులు వారివారికి తెఱచుకొనలేదు. చెన్నపురి రాజ్యమున ఆలయప్రవేశ శాసనము 1947వ సంవత్సరమున వచ్చెను. అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగము 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చెను. ఐతే శాసనము గుడి తలుపు తీయఁగలదు గాని వార్త వ్రాయువాని మనస్సు తలుపు తీయలేదు. అది వాఁడే తీసికొనవలెను.

ఇందుకు మేము కన్నారఁ జూచిన చిన్న సంగతి యొకటి చెప్పి ముగించెదము. కొన్నియేండ్ల క్రిందట మా విద్యార్థి యొకఁడు పదవ తరగతి పరీక్షలో మిక్కిలి మంచి మార్కులు పొందెను. ఒక పత్రికనుండి విలేఖరి వచ్చెను. మేము సంతసించితిమి. మఱునాఁటి పత్రికలో ఆ బాలుని పల్లె పేరున్నది, కులమున్నది, తండ్రి కూలిపని యున్నది, కాఱుచున్న యింటికప్పు బొమ్మ యున్నది. బాలుని పేరు తప్పుగా పడినది. వాఁడు గణితమును ఎట్లు సాధించెనో, ఏ పుస్తకములు చదివెనో, ముందేమి చదువఁగోరుచున్నాఁడో ఒక్క ముక్కయు లేదు. ఆ పత్రికను వాని తల్లికి మేమే చదివి వినిపించితిమి. చదువు నేర్చినది మా వాఁడా, మా యింటి కప్పా యని ఆమె అడిగెను. ఉపాధ్యాయులమైన మాకు బదులు తోఁచలేదు. ఆ విలేఖరి చెడ్డవాఁడు కాఁడు, జాలి గలవాఁడు. వాఁడు వచ్చినపుడు పల్లె పేరు, తండ్రి పని చెప్పినవారము కూడ మేమే. బాలునితో మాటలాడుమని చెప్పుట మాకు తోఁపలేదు. ఆ దోషములో మాకును పాలున్నది.

అందుచేత మా విద్యార్థులకు మేము చెప్పునదేమనఁగా, మీలో కొందఱు రేపు పత్రికలలో వ్రాయుదురు. అందఱును నేఁడే ఏదో యొకటి వ్రాసి పదిమందికి పంపుచున్నారు. ఒకనిని గూర్చి వ్రాయకముందు వానిని చూడుఁడు, వానితో మాటలాడుఁడు, వాని పేరు వాఁడు చెప్పినట్లు వ్రాయుఁడు. వార్తకు అవసరము లేనిచోట కులమును వ్రాయకుఁడు. కులమే ఆ యన్యాయమునకు కారణమైనచోట దానిని దాఁపకుఁడు. దొంగతనము జరిగినపుడు దొంగ కులము చెప్పి, దానము జరిగినపుడు దాత కులము చెప్పక విడుచు త్రాసు కల్లత్రాసు. 1966వ సంవత్సరమున నేర్పడిన భారత పత్రికామండలి కూడ, ఒకరి కులమును కించపఱచునట్లు పేర్కొనరాదని పత్రికలకు నియమము విధించియున్నది. మనకు అంతకంటె ప్రాచీనమైన నియమము గలదు. పొరుగువానిమీఁద అబద్ధసాక్ష్యము చెప్పరాదని పది ఆజ్ఞలలో చిన్ననాఁడే నేర్చితిమి. పొరుగువాఁడు న్యాయస్థానముననే కాక అచ్చుకాగితముమీఁదను మన యెదుట నిలుచుచున్నాఁడు. సగము చెప్పిన సత్యముకూడ సాక్ష్యమే, అబద్ధసాక్ష్యమే.

ఈసారి మీరు ఇంద్రకీలాద్రివైపు చూచినపుడు, 1917లో మూయఁబడిన ఆ తలుపులను తలఁచుకొనుఁడు. కొండక్రింద సభలో నిలిచి, తనవారికి తనవారిచేతనే పేరు పెట్టించిన ఆ యువకుని తలఁచుకొనుఁడు. పిమ్మట మీ ప్రక్క బల్లమీఁద కూర్చున్న స్నేహితుని పేరు సరిగా పలుకుచున్నారో లేదో ఒక్కసారి చూచుకొనుఁడు.